పది తీసెయ్

ప్లగ్గు పెట్టగానే ఎర్ర అంకెలు వెలిగాయి. పన్నెండు, పక్కన రెండు సున్నాలు. వెలుగుతున్నాయి, ఆరిపోతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి. అంటే దీనికి ఏమీ గుర్తు లేదు. ఇది ఏ సంవత్సరమో తెలియదు, ఏ నెలో తెలియదు, ఇరవై ఆరు రోజుల కిందట ఈ పంపుహౌసు గోడ మీద వేలాడుతూ తాను వెలగబెట్టిన నిర్వాకమూ తెలియదు. దీని పని హాయిగా ఉంది, అనుకున్నాడు ఎలక్ట్రీషియన్. గడియారాన్ని బల్ల మీద నిలబెట్టి, వెనక్కి చెయ్యి పోనిచ్చి, నాలుగు బొత్తాలనూ వేలితో తడిమి చూసుకున్నాడు. పదకొండింటికి విచారణ ఆఫీసరు వస్తాడు. ఇప్పుడు పదీ పది. "ఆ రోజు ఎలా ఉందో అచ్చం అలాగే పెట్టు. ఆయన తన వాచీతో సరిచూసుకుంటాడట, ఒక్క నిమిషం కూడా తేడా రాకూడదు. తర్వాత నిన్నొక్క ప్రశ్న అడుగుతాడు. నువ్వొక్క మాట చెప్తావు. అంతటితో అందరం ఊపిరి పీల్చుకుంటాం," అని చెప్పి సూపర్‌వైజరు తన గదిలోకి వెళ్ళాడు. ఆ ఒక్క మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. చెప్పాను. గడియారం మార్చిన సంగతి చనిపోయినాయనకి ముందే చెప్పాను. చనిపోయినాయన అంటే బావ. అక్క మొగుడు.

సెట్ అనే బొత్తాన్ని మూడు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు. సంవత్సరం వచ్చింది, గడియారం తయారైన చోట ఎవరో పెట్టి వదిలేసిన పాత సంవత్సరం. పైకి, పైకి, ఇంకా పైకి. ఈ నొక్కుళ్ళు ఇలా వెనక్కి నొక్కే వీలుంటే పన్నెండు నొక్కులకి తను ఇక్కడ చేరిన రోజు వస్తుంది. బావే తీసుకొచ్చాడు. అక్కని చేసుకున్న రెండో ఏడు, ఇంట్లో ఊరికే కూర్చుని ఫ్యూజులు పీకి పెడుతుంటే, "వీణ్ణి నా వెంట పంపండి, అక్కడ పీకడానికి బోలెడున్నాయి" అని మామగారితో చెప్పి మరీ తీసుకొచ్చాడు. పనిలో చేరిన మొదటి రోజు మోటార్లు చూపించలేదు, స్విచ్చి బోర్డులు చూపించలేదు. భుజం మీద చెయ్యేసి ఈ గోడ దగ్గరికే తెచ్చి, అప్పట్లో ఉన్న గుండ్రటి ముళ్ళ గడియారం చూపించి, "దాంట్లోంచి పది తీసెయ్. ఇక్కడ ముందు నేర్చుకోవాల్సింది అదే" అన్నాడు. బావ నేర్పిన మొదటి పాఠం అది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఎవరికీ చెప్పలేదు.

ఎప్పుడో ఒక సూపర్‌వైజరు ఉండేవాడట. జనం పనికి ఆలస్యంగా వస్తున్నారని ఒళ్ళు మండి, గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడట. ఒక వారం అందరూ పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చారట. ఎనిమిదో రోజుకల్లా సంగతి తెలిసిపోయి, మనసులోనే పది తీసేసుకుని మళ్ళీ ఎప్పటిలా తీరిగ్గా రావడం మొదలుపెట్టారు. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు, ఆ పది మాత్రం ఇక్కడే ఉండిపోయింది. బ్యాటరీ మార్చినా సరే, గడియారమే మార్చినా సరే, ముందు పది కలిపి తగిలించడం, తర్వాత పది తీసి చదువుకోవడం. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆఖరికి మాటల్లోకి కూడా వచ్చేసింది. వాల్వాయన తన కుర్రతనంలో ఎంత బరువు ఎత్తేవాడో చెబుతుంటే పక్కనుంచి ఎవరో ఒకరు "పది తీసెయ్" అనేవారు. పెద్ద వాల్వు తిప్పే మనిషి గనక ఆయన్ని అందరూ వాల్వాయన అనే పిలుస్తారు. అక్క కూడా అంతే. బావ ఎనిమిదికల్లా వచ్చేస్తానంటే, "నీ ఎనిమిదిలోంచి పది తీసెయ్యాలో, పది కలపాలో ముందు అది చెప్పు" అనేది. అప్పుడు అక్క గొంతు వేరు. ఇప్పటి గొంతు వేరు.

సంవత్సరం సరిపోయింది. మళ్ళీ సెట్. నెల. ఒకటి. రెండు, మూడు, నాలుగు. మోటార్ల హోరు కాళ్ళ కిందనుంచి వస్తోంది, బల్ల సన్నగా వణుకుతోంది, క్లోరిన్ వాసన ముక్కుకి పట్టడం మానేసి ఎన్నేళ్ళయిందో, ఇవాళ మళ్ళీ పడుతోంది. అయిదు, ఆరు, ఏడు. ఏడు దగ్గర వేలు ఆగిపోయింది. ఏడో నెలలోనే ఇది ఇక్కడికి వచ్చింది, అట్టపెట్టెలో, థర్మాకోలు ముక్కల మధ్య. దూరానికి కనపడాలని తెప్పించారు, జానెడు పొడవు అంకెలు. దూరానికి కనపడాల్సిన అవసరం నిజంగానే ఉంది. ఆవరణ ఆ చివర భూమిలోపల పెద్ద సంపు. శుభ్రం చేసిన నీళ్ళన్నీ దాంట్లోకి చేరి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి వెళ్తాయి. నెలకోసారి నీళ్ళు తోడేసి, మనిషి లోపలికి దిగి, అడుగున పేరుకున్న మడ్డి ఎత్తిపోసి, గోడలు రుద్ది పైకి వస్తాడు. సరిగ్గా పదకొండింటికి వాల్వాయన వాల్వు తెరుస్తాడు. అప్పుడు తెరిస్తేనే మధ్యాహ్నానికి ఊరికి నీళ్ళు. వాల్వాయన నిలబడే మూలనుంచి సంపు మూత కనిపించదు. మూత దగ్గర నిలబడ్డవాడికి వాల్వాయన కనిపించడు. ఇద్దరికీ కనిపించేది ఈ గోడ మీద గడియారం ఒక్కటే, ఒకరికి నెత్తి మీద, ఇంకొకరికి ఎత్తిన షట్టర్లోంచి దూరంగా. మూత దగ్గర ఒక మనిషి కూర్చుని కేకేసి చెప్పాలన్నది రూలు. ఆ మనిషిని మూడు నెలల కిందట ఇంకో చోటికి మార్చారు, బదులు ఎవర్నీ వెయ్యలేదు. గడియారం ఉందిగా అనుకున్నారు అందరూ. తనూ అనుకున్నాడు. నొక్కాడు. ఎనిమిది.

ఆ రోజు గడియారం పెట్టింది తనే. ఎంత ముచ్చటగా పెట్టాడని. ఫోను పక్కన పెట్టుకుని, సెకన్లు కూడా కలిసేదాకా కాసుకుని నొక్కాడు. వాల్వాయన నిచ్చెన పట్టుకుని నిలబడి, "పది కలపవేంట్రా?" అన్నాడు. "ఇంకెన్నాళ్ళు బాబాయ్ ఈ లెక్క? ముళ్ళ గడియారమైతే సరే, ఏదో అటూ ఇటూ. అంకెలు అంత స్పష్టంగా వెలుగుతుంటే వాటితో అబద్ధం ఆడిస్తామా?" అన్నాడు తను. ఆ మాట తనకే ఎంతో బాగా నచ్చింది. సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళాంతో కూడా అన్నాడు. అంతా చేసి, వెనకాల బిళ్ళ బ్యాటరీ మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ లాగడం మర్చిపోయాడు. అది లాగి ఉంటే కరెంటు పోయినా గడియారానికి టైము గుర్తుండేది. ఆ రోజు పోలీసులొచ్చి ప్లగ్గు పీకించగానే అన్నీ మర్చిపోయి కూర్చుంది. సెకన్లు కలిపిన మొనగాడు పట్టీ లాగలేదు. ఇప్పుడు లాగాడు, గోటితో. చిన్న ముక్క, ఎటు విసిరెయ్యాలో తెలియక జేబులో వేసుకున్నాడు. అన్నట్టు, టైము మార్చిన సంగతి అందరికీ చెప్పాడు. చెప్పలేదని ఎవరూ అనలేరు. వాల్వాయనకి చెప్పాడు, క్లోరిన్ కలిపేవాళ్ళిద్దరికీ చెప్పాడు, గేటు దగ్గర ఉండేవాడికి చెప్పాడు, సూపర్‌వైజరుకి చెప్పాడు. అయిదుగురు, ఒక చేతి వేళ్ళు. బావ రెండు రోజులు సెలవులో ఉన్నాడు. రాగానే చెప్పాలి, అనుకున్నాడు. ఆ మాట వాల్వాయనతో పైకి కూడా అన్నాడు, "బావ రాగానే నేను చెప్తాలే" అని. నేను చెప్తాలే అనకపోయినా వాల్వాయన చెప్పి ఉండేవాడు.

రోజు. ఒకటి దగ్గర వెలుగుతోంది. తొమ్మిది కావాలి. బొత్తాం వదలకుండా నొక్కితే త్వరగా వెళ్తుందని నొక్కి పట్టుకున్నాడు, అంకెలు పరిగెత్తాయి, వేలు తీసేసరికి పద్నాలుగు. చూస్తూ ఉండిపోయాడు. పద్నాలుగో తారీకు పొద్దున ఎనిమిదింటికి బావ గేటులోంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, చేతిలో టిఫిను డబ్బా, మూతి మీద మీసం లేదు. పాతికేళ్ళుగా ఉన్న మీసం. మీసం లేకపోయేసరికి పై పెదవి అక్కడెవరో కొత్తగా అతికించినట్టు తెల్లగా, పొడుగ్గా ఉంది. తను పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం బావా, మీసం ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాడు. "మీ అక్కే తియ్యించిందిరా. ఒక వెంట్రుక తెల్లబడితే పీకొచ్చు, అన్నీ తెల్లబడితే మనిషినే పీకాలంది. మనిషిని పీకేబదులు మీసం పోతే నయమనుకున్నా," అన్నాడు బావ. "పెళ్ళిచూపులకి ఇలా వచ్చుంటే మేం పిల్లనిచ్చేవాళ్ళం కాదు" అన్నాడు తను. "ఇప్పుడైనా తీసుకుపొండి, నేను అడ్డం రాను," అన్నాడు బావ. గేటు దగ్గరివాడు కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ అక్కడే పావుగంట గడిచింది. ఆ పావుగంటలో గడియారం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. పది కలపలేదు బావా, అని మూడు మాటలు. నోట్లోనే ఉండి ఉంటాయి ఎక్కడో. మీసం వచ్చి అడ్డుపడింది. తర్వాత మోటారు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

కింది బొత్తాం. పదమూడు, పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది. వెనక్కి ఎంత తేలిగ్గా వస్తుందో. బావ సంపులోంచి ఒకసారి పైకి వచ్చాడట, మడ్డి బకెట్టు పైన పెట్టడానికి. మొక్కలకి నీళ్ళు పెట్టే ఆవిడ చూసింది. మూతలోంచి నడుం దాకా లేచి, చెయ్యి అడ్డం పెట్టుకుని గడియారం వైపు చూసి, మళ్ళీ దిగాడని చెప్పింది. అప్పుడు పదీ యాభై రెండు అయి ఉంటుంది. బావ పది తీసేశాడు. పదీ నలభై రెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు ఉన్నాయి, ఒక మూల మిగిలింది, పదిహేను నిమిషాల పని. ఫోను పైన డబ్బా పక్కన పెట్టేశాడు, తడుస్తుందని. లెక్క సరిపోయింది. బావ ఏనాడూ హడావుడి పడే మనిషి కాదు, అలాగని సందు చిక్కితే మిగిల్చి వచ్చే మనిషీ కాదు. పదకొండింటికి వాల్వాయన వాల్వు తెరిచాడు. మనిషి పట్టేంత పైపు అది. నీళ్ళు మెల్లగా పెరగవు, వచ్చి కొడతాయి. ఇక్కడ ఈ బల్ల దగ్గరే తను స్విచ్చి విప్పుకుంటూ కూర్చున్నాడు. పైపులో నీళ్ళ చప్పుడు విన్నాడు. రోజూ వినే చప్పుడే. సంపు లోపల్నుంచి అరుపు ఇంత దూరం రాదు, వచ్చినా మోటార్ల హోరులో వినపడదు. అరిచాడో లేదో. ఆ సంగతి మాత్రం ఆలోచించకూడదు. పన్నెండు దాటినా టిఫిను డబ్బా అక్కడే ఉందని చూసింది మొక్కల ఆవిడే. నీళ్ళు తోడి బయటికి తీసి పడుకోబెట్టినప్పుడు, ఒక్క క్షణం, ఇతనెవరో వేరే మనిషి అనుకున్నాడు. మీసం లేదుగా. బావ కాదు, ఎవరో లోపల పడ్డారు, అని ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క క్షణం సంతోషపడ్డాడు. దాని గురించి ఏ ఆఫీసరూ అడగడు.

గంటలు. పది. నిమిషాలకి వెళ్ళేలోపు షట్టరు దగ్గర నీడ పడింది. అక్క. ఆఫీసరు ఆమెనీ రమ్మన్నాడు. నీలం చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతిలో సంచి పట్టుకుని, గోడవార బెంచీ మీద వచ్చి కూర్చుంది. "తిన్నావా?" అంది. "ఆఁ." తినలేదు. "పాపని మీ ఇంట్లో దింపొచ్చా. మరదలు ఉందిలే," అంది. గడియారం వైపు చూస్తోంది. తర్వాత, ఎవరితోనో అన్నట్టు, "ఇంత పెద్ద అంకెలు. గుడ్డివాడికైనా కనిపిస్తాయి. తమ్ముడు చెప్పనే చెప్పాడు. అయినా పెడచెవిన పెట్టాడు. ఏనాడు విన్నాడు గనక ఒకరి మాట?" అంది. అదే మాట. అదే గొంతు. ఇరవై ఆరు రోజులుగా చుట్టాలకీ, పక్కింటివాళ్ళకీ, గోడకి తగిలించి ఉన్న బావ చొక్కాకీ కూడా అదే. అక్క ఏడవలేదు. మొదటి రోజు ఆస్పత్రి వరండాలో కూడా ఏడవలేదు. వాల్వాయన తల బాదుకుంటూ "టైము మార్చారని తెలీదేమో పాపం" అంటుంటే, గిర్రున తిరిగి తన వైపు చూసి, "నువ్వు చెప్పలేదా ఆయనకి?" అని అడిగింది. తను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అలా వచ్చేది కాదు. "చెప్పానక్కా. పొద్దున గేటు దగ్గరే చెప్పాను," అన్నాడు. అబద్ధానికి గేటు కూడా తగిలించాడు. సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు, విన్నాడు, ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. గేటువాడు కూడా అక్కడే ఉన్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు, ఇప్పటికీ తన కంట పడడు. ఇంకేముంది, చెప్పినా వినని మనిషి, తన తప్పు తనే చేసుకున్న మనిషి. మూత దగ్గర మనిషి ఎందుకు లేడని అడిగే దిక్కు లేదు. అక్కకి ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చి కూర్చుంది. తనే కూర్చోబెట్టాడు.

నిమిషాలు. ఇరవై, ముప్పై, నలభై. ఫోనులో నలభై మూడు. నలభై నాలుగు అయ్యేదాకా కాసుకోవాలి, అయిన క్షణంలో వదలాలి. నిన్న సాయంత్రం పాప వచ్చింది, అక్క కూతురు, ఎనిమిదేళ్ళది. తను ప్లగ్గు బిగిస్తుంటే పక్కన నిలబడి, "మామయ్యా, కరెంటు తీగ ముట్టుకోకూడదు కదా?" అంది. "అవును, ముట్టుకోకూడదు." "నువ్వు చెప్తే నేను వింటాను మామయ్యా. నాన్నలాగా కాదు," అంది. బుద్ధిగా, మెచ్చుకుంటారని చూస్తూ అంది. తను ఆ పిల్ల తల నిమిరాడు. ఈ చేత్తోనే. తర్వాత దొడ్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల పెద్దదవుతుంది. పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, వాళ్ళకీ చెబుతుంది, మీ తాత ఒకరి మాట వినేవాడు కాదు, అని. ఎనిమిది నిమిషాల ముందు కూడా పది తీసి, లెక్క చూసుకుని, ఒక మూల మిగిలిందని దిగిన మనిషి. నలభై నాలుగు. వదిలాడు. రెండు చుక్కలూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పన్నెండు గంటల పద్ధతా, ఇరవైనాలుగా అని అడిగింది, పన్నెండే అన్నాడు. వెలుగు ఎంత అని అడిగింది, ఎక్కువ అన్నాడు. ఇంకేమీ అడగడానికి లేదు దానికి.

నిచ్చెన వేసి ఎక్కాడు. గోడ మీద పాత గుండ్రటి గడియారం ఉన్నచోట సున్నం తెల్లగా, చుట్టూ మాసి ఉంది. మేకు గట్టిగానే ఉంది. గడియారం వెనక కన్నం మేకుకి చిక్కడానికి రెండుసార్లు తప్పింది. మూడోసారి చిక్కింది. కిందనుంచి అక్క, "కాస్త ఎడం పక్క వాలింది," అంది. సరిచేశాడు. "ఇప్పుడు?" "ఇప్పుడు బావుంది." పదీ నలభై తొమ్మిది. దిగొచ్చు. దిగితే అక్క మొహం కనిపిస్తుంది. దిగి ఆ బెంచీ మీదే పక్కన కూర్చుంటాడు, ఆఫీసరు వస్తాడు, ఒక మాట, అయిపోతుంది. అక్క తనకి ఉంటుంది. ఆదివారం అన్నం పెడుతుంది, పండక్కి చొక్కా కొంటుంది, నా తమ్ముడు చెప్పాడు అని చెప్పుకుంటుంది, చచ్చేదాకా. తను కూడా చచ్చేదాకా తింటాడు ఆ అన్నం. భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, జైల్లో పెడతారేమోనని కూడా కాదు. అక్క లేకుండా పోతుందని. అమ్మ పోయాక ఎత్తుకుని తిప్పింది అక్కే. నిచ్చెన మొత్తం వణుకుతోంది. "పడతావురా, చూసుకో," అంటూ అక్క లేచొచ్చి నిచ్చెన పట్టుకుంది.

గోడకే చెప్పాడు. మొహం సున్నానికి ఆనేంత దగ్గరగా ఉంది. "నేను చెప్పలేదక్కా."

"ఏంటి?"

"బావకి. గేటు దగ్గర మీసం గురించి ఏడిపిస్తూ నిలబడ్డా. గడియారం సంగతి చెప్పలేదు. మర్చిపోయా. బావకి తెలీదక్కా. పది తీసేసుకున్నాడు, ఎప్పట్లాగే."

నిచ్చెన పట్టుకున్న చేతులు వదల్లేదు. మోటార్లు హోరుమంటున్నాయి. తిడుతుందేమోనని చూశాడు, నిచ్చెన లాగేస్తుందేమో అని కూడా అనుకున్నాడు, లాగేస్తే బావుండుననీ అనుకున్నాడు. ఆఖరికి కిందికి చూశాడు. అక్క తల వంచుకుని ఉంది, పాపిడి మాత్రం కనిపిస్తోంది. కింది మెట్టు మీద నీటి చుక్కలు పడుతున్నాయి.

"ఇరవై ఆరు రోజుల నుంచీ తిడుతున్నానురా ఆయన్ని," అంది.

అతను ఒక్కో మెట్టూ దిగాడు. ఆమె పక్కకి జరగలేదు, అతని వైపు చూడనూ లేదు. అతను నేల మీద రెండు కాళ్ళూ పెట్టాకనే నిచ్చెన వదిలింది. బయట జీపు ఆగిన చప్పుడైంది. సూపర్‌వైజరు గదిలోంచి చొక్కా సర్దుకుంటూ వచ్చి, షట్టరు దాకా ఎదురెళ్ళి, ఆఫీసరుని లోపలికి తీసుకొచ్చాడు. ఆఫీసరు మణికట్టు మీద వాచీ చూసుకుని, గోడ మీద గడియారం చూసి, తల ఊపి, ఫైలు తెరిచి, ముందుగా ఆమెనే కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. ఒక చేత్తో తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా, నొప్పి పుట్టేలా.

"ముందు వీణ్ణి అడగండి సార్," అంది.